కండరాల జబ్బు గుండె లయను ఎందుకు తప్పిస్తుంది? ఏ జన్యువు చెడితే ఏమవుతుంది?

చేతుల్లో పట్టు తగ్గిందనో, మెట్లెక్కలేకపోతున్నాననో హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌కో నగరంలోని మరో ఆసుపత్రికో వెళ్తారు. పరీక్షలన్నీ అయ్యాక ఇది వంశపారంపర్యంగా వచ్చే కండరాల జబ్బు అని న్యూరాలజిస్టు చెబుతారు. ఆ వెంటనే గుండె విభాగానికి చీటీ రాస్తారు. ఇంటిల్లిపాదికీ కొత్త టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఛాతీలో నొప్పి లేదు, బీపీ లేదు, షుగర్ లేదు, మరి గుండె డాక్టర్ ఎందుకు? ఇంకొందరి విషయంలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముప్పయ్యేళ్ల మనిషికి నాడి మరీ నెమ్మదించిందని పేస్‌మేకర్ పెడతారు. అతను చిన్నప్పటి నుంచి మోచేతులు పూర్తిగా చాచలేడన్న సంగతి మాత్రం ఎవరి దృష్టికీ రాదు.

కండరాల జబ్బులన్నీ గుండెను ఒకేలా దెబ్బతీయవు. కొన్ని అసలు ముట్టుకోవు. కొన్నింటిలో మనిషి చక్కగా నడుస్తూ ఉండగానే గుండె లయకు ప్రమాదం ముదురుతుంది. కాళ్లూ చేతుల్లో బలం ఎంత తగ్గిందన్నది చూసి గుండెకున్న ముప్పును అంచనా వేయలేం. ఏ జన్యువు చెడిందన్నదే ఆ ముప్పు గురించి ఎక్కువ చెబుతుంది.

గుండెపోటు వేరు, లయ తప్పడం వేరు

ఎవరైనా చిన్న వయసులో కుప్పకూలి చనిపోతే టీవీలో "గుండెపోటుతో మృతి" అని స్క్రోలింగ్ వస్తుంది. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోవడం. రక్తనాళాలు శుభ్రంగా ఉండి, యాంజియోగ్రామ్ నార్మల్‌గా వచ్చినా గుండె కొట్టుకునే క్రమం తప్పవచ్చు. ఈ వ్యాసం రెండో దాని గురించి.

గుండె కుడి పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంది. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. ఆ సంకేతం ముందు పై గదులను ముడుచుకునేలా చేస్తుంది. తర్వాత పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న ఏవీ నోడ్ దగ్గర క్షణంలో చిన్న వంతు ఆగి, హిస్ బండిల్ అనే సన్నటి దారి గుండా కింది గదులకు చేరుతుంది. ఆ ఆగడం అవసరమే. ఆ వ్యవధిలోనే పై గదుల్లోని రక్తం కిందికి దిగుతుంది.

ఈ ఏర్పాటు రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది, సంకేతం దారిలో ఆలస్యం కావడం, ఆపై కొన్ని సంకేతాలు దాటకపోవడం, చివరికి ఒక్కటీ దాటకపోవడం. దీన్ని హార్ట్ బ్లాక్ అంటారు, ఆ మూడు దశలే ఫస్ట్, సెకండ్, థర్డ్ డిగ్రీలు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు "బ్లాకులు ఉన్నాయి" అనేది రక్తనాళాల గురించి, దానికీ దీనికీ సంబంధం లేదు. హార్ట్ బ్లాక్‌లో నాడి నెమ్మదిస్తుంది, కళ్లు తిరుగుతాయి, మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. రెండోది, కింది గదుల్లో ఎక్కడో అదుపులేని విద్యుత్ పుట్టి గుండె విపరీతమైన వేగంతో కొట్టుకోవడం, లేదా ముడుచుకోకుండా ఊరికే అదరడం. అప్పుడు రక్తం ముందుకు పోదు, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పై గదులు మాత్రమే అదిరితే దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. దానివల్ల అప్పటికప్పుడు ప్రాణానికి ముప్పు ఉండకపోవచ్చు గానీ, లోపల రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు.

ఈసీజీ కాగితం మీద చిన్న గళ్ల లెక్క

ఈసీజీ కాగితం సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. కాబట్టి ఒక చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు. పై గదుల గీత మొదలైన చోటి నుంచి కింది గదుల గీత మొదలైన చోటి వరకు ఉన్న సమయాన్ని పీఆర్ అంటారు. పెద్దవాళ్లలో అది 120 నుంచి 200 మిల్లీసెకన్లు, అంటే మూడు నుంచి ఐదు గళ్లు. కింది గదులంతటా సంకేతం పాకడానికి పట్టే సమయం క్యూఆర్ఎస్. అది 120 లోపు, అంటే మూడు గళ్ల లోపు ఉండాలి.

ఒక మనిషిని ఊహించుకుందాం. 28 ఏళ్లప్పుడు పీఆర్ 180. 31 ఏళ్లకు 205. 34 ఏళ్లకు 240, క్యూఆర్ఎస్ 125. రెండో ఈసీజీని మాత్రమే చూసిన డాక్టర్ "ఫస్ట్ డిగ్రీ బ్లాక్, ఫర్వాలేదు" అనవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడిలో, ముఖ్యంగా ఆటగాళ్లలో, ఆ మాట నిజమే. కానీ ఈ మనిషికి మైయోటోనిక్ డిస్ట్రఫీ అనే వంశపారంపర్య కండరాల జబ్బు (దీని సంగతి కింద వస్తుంది) ఉందనుకోండి. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే ఆరేళ్లలో గీత గడిన్నర జరిగిందని కనిపిస్తుంది. ఏ ఒక్క అంకె కన్నా ఆ జరుగుదలే ముఖ్యం. పాత ఈసీజీలను పారేయకుండా ఫైల్లో దాచుకున్న కుటుంబాలు డాక్టర్‌కు చేసే సాయం అంతా ఇంతా కాదు.

పై ఉదాహరణలో పీఆర్ 240కి, క్యూఆర్ఎస్ 120 పైకి చేరినట్టు ఊరికే తీసుకోలేదు. మైయోటోనిక్ డిస్ట్రఫీ మొదటి రకం ఉన్న 406 మందిని అమెరికాలో సగటున 5.7 ఏళ్లు గమనించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ కాలంలో 81 మంది చనిపోయారు, అందులో 27 హఠాన్మరణాలు. పీఆర్ 240 లేదా ఆపైన ఉన్నవారు, క్యూఆర్ఎస్ 120 లేదా ఆపైన ఉన్నవారు, సెకండ్ లేదా థర్డ్ డిగ్రీ బ్లాక్ ఉన్నవారు, సైనస్ నోడ్ నుంచి కాక వేరే చోటి నుంచి పుట్టే లయ ఉన్నవారు ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. పై గదుల్లో వేగపు లయ వచ్చినవాళ్లకూ అంతే.

మైయోటోనిక్ డిస్ట్రఫీలో చేతికీ గుండెకూ ఉన్న లంకె

పెద్దవాళ్లలో కనిపించే వంశపారంపర్య కండరాల జబ్బుల్లో చాలా చోట్ల ముందుండేది ఇదే. సుమారు 8,000 మందిలో ఒకరికి ఉంటుందన్నది చాలాకాలంగా చెబుతున్న అంచనా. బిగించిన పిడికిలి వెంటనే విడవకపోవడం దీని ప్రధాన గుర్తు. షేక్‌హ్యాండ్ ఇచ్చిన చేయి వెనక్కి తీసుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. చిన్న వయసులోనే కళ్లలో శుక్లాలు, వాలిన కనురెప్పలు, నుదుటి మీద పలచబడిన జుట్టు, పగటిపూట వదలని నిద్రమత్తు కూడా ఉండవచ్చు. ఇవన్నీ ఒకే జబ్బు అని తెలియక ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ దగ్గరికి తిరిగే కుటుంబాలు చాలా ఉన్నాయి.

19వ క్రోమోజోమ్ మీద డీఎంపీకే అనే జన్యువు ఉంది. దాని చివర సీటీజీ అనే మూడక్షరాలు వరుసగా మళ్లీ మళ్లీ వస్తాయి. సాధారణంగా 5 నుంచి 34 సార్లు. 50 దాటితే జబ్బు. కొందరిలో వెయ్యి కూడా దాటుతుంది. ఈ సంగతి 1992లో బయటపడింది. కానీ అప్పుడే ఒక చిక్కు కూడా వచ్చింది. ఆ వరుస ఉన్నది ప్రొటీన్‌కు నమూనా ఇచ్చే భాగంలో కాదు. ప్రొటీన్ మారకుండా ఇంత జబ్బు ఎలా వస్తుంది?

జవాబు ఆర్ఎన్ఏలో దొరికింది. జన్యువు నుంచి తీసిన ఆర్ఎన్ఏ నకలులో కూడా ఆ పొడవాటి వరుస ఉంటుంది. అది కణ కేంద్రకంలోనే ఉండిపోయి, మజిల్‌బ్లైండ్ అనే ప్రొటీన్లను జిగురు కాగితం ఈగలను పట్టుకున్నట్టు పట్టేసుకుంటుంది. మజిల్‌బ్లైండ్‌కు ఒక ముఖ్యమైన పని ఉంది. ఇతర జన్యువుల ఆర్ఎన్ఏలను ఎక్కడ కత్తిరించి ఎక్కడ అతకాలో అది నిర్దేశిస్తుంది. అది దొరకనప్పుడు పెద్దవాళ్ల కణాల్లో కూడా గర్భస్థ శిశువుకు సరిపోయే ప్రొటీన్ రూపాలు తయారవుతాయి. చేతి కండరంలో క్లోరైడ్ చానల్ అలా తప్పుగా తయారవడం వల్ల పిడికిలి విడవదు. గుండెలో ఎస్‌సీఎన్5ఏ జన్యువు నుంచి వచ్చే సోడియం చానల్ విషయంలోనూ ఇదే జరుగుతుందని 2016లో పరిశోధకులు చూపించారు. సంకేతం గుండెలో వేగంగా పాకాలంటే ఆ చానల్ సరిగా ఉండాలి. దాని శిశురూపం అంత చురుగ్గా పనిచేయదు, కాబట్టి పీఆర్ సాగుతుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది.

అయితే చానల్ ఒక్కటే అన్నీ వివరించదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ విద్యుత్ దారిలో పీచులాంటి కణజాలం, కొవ్వు చేరుతాయి. ఏ దశలో ఏది ఎంత కారణమన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది.

పిడికిలి పట్టేయకుండా మెక్సిలెటిన్ అనే మందు ఇస్తారు. అది సోడియం చానల్ మీదే పనిచేస్తుంది. అందుకే చేతికి ఇచ్చే ఆ మందు మొదలుపెట్టే ముందు కూడా ఈసీజీ చూస్తారు. హార్ట్ బ్లాక్ ముదిరినవాళ్లకు, పేస్‌మేకర్ లేకపోతే, దాన్ని ఇవ్వరు.

రెండో రకం మైయోటోనిక్ డిస్ట్రఫీలో చెడేది 3వ క్రోమోజోమ్ మీది సీఎన్‌బీపీ జన్యువు. అందులోనూ గుండె లయ తప్పవచ్చు, కాకపోతే మొదటి రకంలో కన్నా తక్కువ మందిలో.

"మాది మేనరికం కాదు కదా, మరి ఎలా వచ్చింది?"

తెలుగు ఇళ్లలో పుట్టుకతో వచ్చే జబ్బు అనగానే మొదట మేనరికం మీదికి వేలు పోతుంది. కొన్ని జబ్బుల విషయంలో ఆ అనుమానానికి ఆధారం ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు దగ్గరి బంధువుల పెళ్లి అవకాశం పెంచుతుంది. భుజాలు, తుంటి చుట్టూ కండరాలు బలహీనపడే లింబ్-గర్డిల్ డిస్ట్రఫీల్లో ఎక్కువ రకాలు ఇలాంటివే. మైయోటోనిక్ డిస్ట్రఫీకి మాత్రం ఒక్క ప్రతి చెడితే చాలు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ తప్పించుకునే అవకాశం నాలుగింట ఒక వంతు, కనీసం ఒక్కరికైనా వచ్చే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఇందులో మేనరికం పాత్ర ఏమీ లేదు. ఆ సంబంధం కుదిర్చినవాళ్లనో, కోడలి పుట్టింటినో ఏళ్లతరబడి నిందించడం అన్యాయం.

తరం మారేకొద్దీ ఆ వరుస పొడుగవుతుంది కూడా. ఒక ఊహాజనిత కుటుంబం తీసుకుందాం. తాతయ్యకు 70 సార్లు ఉంది. అరవై దాటాక శుక్లాల ఆపరేషన్ తప్ప ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఆయన కూతురికి 350. ఇరవైల చివర్లో చేతులు పట్టేయడం మొదలైంది. ఆమె బిడ్డకు 1,200. పుట్టినప్పుడే ఒళ్లు మెత్తగా ఉండి పాలు తాగలేకపోయాడు. పుట్టుకతోనే కనిపించే ఈ తీవ్ర రూపం ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది. "మా నాన్నకు ఏ జబ్బూ లేదు" అని ఆ కూతురు చెప్పేది అబద్ధమేమీ కాదు, ఆయనకున్నది జబ్బని ఎవరికీ తెలియలేదంతే.

ఈ అంకె పెరిగితే జబ్బు తొందరగా వస్తుందన్నది స్థూలంగా నిజం. కానీ రక్తంలో లెక్కపెట్టిన సంఖ్యా, గుండె కణాల్లో ఉన్న సంఖ్యా ఒకటి కావు. వయసుతో పాటు శరీరంలో ఒక్కోచోట ఒక్కోలా అది పెరుగుతుంది. 400 వచ్చిన అన్నకంటే 500 వచ్చిన తమ్ముడి గుండెకు ముప్పు ఎక్కువని రిపోర్టు చూసి చెప్పలేం. జన్యు పరీక్ష ఎంత మంచిదైనా ఈసీజీ స్థానాన్ని తీసుకోలేకపోవడానికి ఇదే కారణం.

లామిన్ జన్యువు: కండరం బాగున్నా గుండె ఆగే ప్రమాదం

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది ఈ కోవలోని జబ్బే, ఎందుకంటే ఇది బయటికి చాలా తక్కువగా కనిపిస్తుంది. ఎమరీ-డ్రైఫస్ మస్క్యులర్ డిస్ట్రఫీలో మోచేతులు, మడమల వెనక స్నాయువులు (కండరాన్ని ఎముకకు కట్టే పట్టీలు), మెడ వెనక భాగం చిన్నతనంలోనే బిగుసుకుపోతాయి. బలహీనత మెల్లగా, కొద్దికొద్దిగా వస్తుంది. కానీ ఇరవైలు, ముప్పైలు వచ్చేసరికి గుండె పై గదులు అదరడం, కొన్నిసార్లు పూర్తిగా నిశ్చలం కావడం, హార్ట్ బ్లాక్ రావడం జరుగుతాయి.

దీనికి ప్రధానంగా రెండు జన్యువులు కారణం. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఈఎండీ జన్యువు ఎమెరిన్ అనే ప్రొటీన్‌ను ఇస్తుంది, దాన్ని 1994లో గుర్తించారు. 1వ క్రోమోజోమ్ మీదున్న ఎల్ఎంఎన్ఏ జన్యువు లామిన్ ఏ, సీ అనే ప్రొటీన్లను ఇస్తుంది, ఈ జబ్బుతో దాని సంబంధం 1999లో తేలింది. రెండూ కణ కేంద్రకం లోపలి పొరలో ఉండేవే. గుండె కణం జీవితాంతం సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. కేంద్రకపు గోడ బలహీనమైతే ఆ ఒత్తిడికి కేంద్రకమే దెబ్బతింటుందన్నది ఒక వాదన. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నియంత్రించడంలోనే తేడా వస్తుందన్నది మరో వాదన. రెండింటికీ ప్రయోగశాలల్లో ఆధారాలున్నాయి, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

రోగికి అక్కరకొచ్చే తేడా ఇంకోటి ఉంది. ఎమెరిన్ లోపంలో ప్రధాన సమస్య నెమ్మదించే లయ. లామిన్ లోపంలో దానితో పాటు కింది గదుల్లో ప్రాణాంతకమైన వేగపు లయ కూడా పుడుతుంది. పేస్‌మేకర్ ఉన్నా లామిన్ రోగులు హఠాత్తుగా చనిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. అదే లామిన్ మార్పు కొన్ని కుటుంబాల్లో కండరాలను అసలు తాకకుండా గుండెను మాత్రమే దెబ్బతీస్తుంది. ఒకే ఇంట్లో అన్నకు మోచేతులు బిగుసుకుపోయి, చెల్లెలికి పేస్‌మేకర్ మాత్రమే పడి ఉండవచ్చు.

మిగతా జబ్బుల్లో గుండె తీరు

డుషెన్ డిస్ట్రఫీలో, దాని తేలికపాటి రూపమైన బెకర్‌లో చెడేది ఎక్స్ క్రోమోజోమ్ మీది డిస్ట్రోఫిన్ జన్యువు. ఇక్కడ ముందు గుండె కండరమే చిరుగుతూ మానుతూ మచ్చలు పడుతుంది, లయ తప్పడం చాలావరకు ఆ మచ్చల వెంట వస్తుంది. డుషెన్ పిల్లల్లో విశ్రాంతిలోనూ నాడి వేగంగా ఉండటం తొందరగా కనిపించే మార్పు. బెకర్‌లో మనిషి నడుస్తూనే ఉంటాడు, గుండె మాత్రం బాగా బలహీనపడి ఉండవచ్చు. ఈ జన్యులోపాన్ని మోస్తున్న తల్లుల్లో కూడా కొందరికి గుండె కండరం దెబ్బతింటుంది. జబ్బున్న బాబు చుట్టూ తిరిగే తల్లి తన ఎకో (గుండె స్కాన్) తాను చేయించుకోదు, ఆమెకు ఎవరూ గుర్తు చేయరు కూడా.

కెర్న్స్-సేర్ సిండ్రోమ్‌లో లోపం మైటోకాండ్రియా డీఎన్ఏలో ఉంటుంది. 20 ఏళ్ల లోపు కనురెప్పలు వాలి, కంటి కదలికలు తగ్గి, రెటీనా మార్పులు వస్తాయి. హార్ట్ బ్లాక్ వేగంగా ముదరవచ్చు. ఆండర్సన్-టవిల్ సిండ్రోమ్‌లో కేసీఎన్‌జే2 అనే పొటాషియం చానల్ జన్యువే చెడుతుంది, అందుకే కాళ్లూ చేతులు అప్పుడప్పుడు పడిపోవడం, లయ తప్పడం జంటగా వస్తాయి.

గుండెకు సాధారణంగా ఊరట ఉన్న జబ్బులూ ఉన్నాయి. కాల్పెయిన్ అనే ప్రొటీన్ లోపంతో వచ్చే లింబ్-గర్డిల్ డిస్ట్రఫీ, డిస్ఫెర్లిన్ అనే ప్రొటీన్ లోపం, జీఎన్ఈ జన్యువు చెడితే వచ్చే జీఎన్ఈ మయోపతి ఆ కోవలోవి. వీటిలో కాళ్ల బలహీనత బాగా ఎక్కువగా ఉన్నా గుండె చాలావరకు బాగానే ఉంటుంది. వీల్‌చైర్‌లో ఉన్నంత మాత్రాన గుండె కూడా అంతే దెబ్బతిన్నదని భయపడనక్కర్లేదు.

"ఎగ్జోమ్ టెస్ట్ నార్మల్" అంటే ఏం తేలినట్టు?

ఇప్పుడు వేలాది జన్యువులను ఒకేసారి చదివే ఎగ్జోమ్ పరీక్ష నగరంలో చాలామంది చేయిస్తున్నారు. అది నార్మల్ అని రాగానే జన్యులోపం లేదనుకుంటారు. కానీ ఈ పరీక్ష చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది, వందల సార్లు తిరిగొచ్చే సీటీజీ వరుసను మామూలుగా పట్టుకోలేదు. మైయోటోనిక్ డిస్ట్రఫీకి ఆ వరుసను లెక్కపెట్టే ప్రత్యేక పీసీఆర్ పరీక్షో, డీఎన్ఏ ముక్కల పొడవు చూపే సదరన్ బ్లాట్ పరీక్షో కావాలి. డిస్ట్రోఫిన్‌లో పెద్ద ముక్కలు ఎగిరిపోవడం ఎక్కువ కాబట్టి ముందు అలా లేకుండా పోయిన ముక్కలను పట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష చేస్తారు. కెర్న్స్-సేర్ లోపం రక్తంలో దొరక్కపోయినా కండరం ముక్కలో దొరకవచ్చు. రోగిని చూసిన డాక్టర్ అనుమానం ఏమిటో తెలియకుండా ల్యాబ్ సరైన పరీక్ష చేయలేదు. ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, నిమ్స్ జెనెటిక్స్ విభాగం కలిసి పనిచేయడంలో ఉన్న అర్థం ఇదే. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో ఈ జంట కూడా ఉంది.

మార్పు కనిపించినంత మాత్రాన అదే కారణమనీ కాదు. ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులో 25 అక్షరాలు లేకపోవడం భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో ఉందనీ, దానికి గుండె కండర జబ్బుతో సంబంధం ఉందనీ 2009లో హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న బృందం ప్రకటించింది. తర్వాత వచ్చిన అధ్యయనాలు అదే జన్యువులో మరో మార్పు కూడా తోడైనవారిలోనే ముప్పు ఎక్కువగా ఉందని సూచించాయి.

పేస్‌మేకరా, ఐసీడీనా? వైద్యుల్లో ఉన్న భేదాభిప్రాయం

పేస్‌మేకర్ గుండె నెమ్మదిస్తే సంకేతం ఇస్తుంది. ఐసీడీ ఆ పనితో పాటు, గుండె ప్రమాదకరమైన వేగంతో అదిరితే షాక్ ఇచ్చి మళ్లీ దారిలో పెడుతుంది. పూర్తి హార్ట్ బ్లాక్ వచ్చినవారికి పేస్‌మేకర్ అవసరమన్నదాంట్లో వివాదం లేదు. పీఆర్ సాగుతూ ఉండి, ఇంకా ఏ ఇబ్బందీ లేని మైయోటోనిక్ డిస్ట్రఫీ మనిషి దగ్గరే అభిప్రాయాలు విడిపోతాయి.

ముందే అడుగేయాలనేవాళ్లు, తొడ దగ్గర నుంచి సన్నటి తీగలు పంపి హిస్ బండిల్ నుంచి కింది గదులకు సంకేతం చేరే సమయం కొలవాలంటారు. అది 70 మిల్లీసెకన్లకు చేరితే పేస్‌మేకర్ పెట్టడం మేలని వారి మాట. 2012లో వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనంలో ఇలా చేసినవారు ఎక్కువ కాలం బతికారు. రెండో పక్షం కూడా సరైన ప్రశ్నే వేస్తుంది: అది రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి చేసిన ప్రయోగం కాదు, ముందే ఆరోగ్యం మెరుగ్గా ఉన్నవారికే ఆ పరీక్ష చేసి ఉండవచ్చు కదా?

ఐసీడీ విషయం ఇంకా చిక్కు. 2008 అధ్యయనంలో హఠాత్తుగా కుప్పకూలినవారిలో 17 మంది లయ నమోదైంది, అందులో 9 మందిలో కనిపించింది కింది గదుల వేగపు లయ. అంటే పేస్‌మేకర్ ఒక్కటే అందరినీ కాపాడలేకపోవచ్చు. మరోవైపు ఈ జబ్బులో చాలామంది ప్రాణం తీసేది ఊపిరి కండరాల బలహీనత. పైగా అక్కర్లేని షాకులు, ఇన్ఫెక్షన్లు, తీగల ఇబ్బందులు ఐసీడీతో వస్తాయి. లామిన్ విషయంలో మాత్రం తూకం ఐసీడీ వైపు తొందరగా మొగ్గుతుంది. గుండె పంపింగ్ 45 శాతం కన్నా తగ్గడం, హోల్టర్‌లో (ఒంటికి కట్టి రోజంతా ఈసీజీ నమోదు చేసే యంత్రం) కాసేపు వేగపు లయ కనిపించడం, పురుషుడు కావడం, కొన్ని రకాల జన్యు మార్పులు, ఇవి కలిసేకొద్దీ ముప్పు పెరుగుతుందని 2012 నాటి ఐరోపా అధ్యయనం చూపింది.

ఏ జబ్బూ లేని తోబుట్టువులకు పరీక్ష చేయాలా?

తమ్ముడికి లామిన్ మార్పు తేలింది, అక్క బాగానే ఉంది. ఆమెకు కూడా రక్తపరీక్ష చేయాలా? చేయాలనేవారి వాదన గుండె చుట్టూ తిరుగుతుంది. ఈ జబ్బులో మొదటి లక్షణమే చివరిది కావచ్చు, ముందే తెలిస్తే ఏటా ఈసీజీ, హోల్టర్, ఎకోలతో కనిపెట్టి ఉండవచ్చు. వద్దనేవారి భయాలు ఇంటి చుట్టూ తిరుగుతాయి. సంబంధాలు చూస్తున్న సమయంలో ఈ కబురు బంధువుల్లో పాకితే ఆమె పెళ్లి ఏమవుతుంది? ఎప్పుడు వస్తుందో తెలియని జబ్బును తలచుకుంటూ ఎలా బతకాలి? ఈ భయాలు చిన్నవి కావు, మన సమాజంలో వాటికి నిజమైన మూల్యం ఉంది. అందుకే పరీక్షకు ముందే జెనెటిక్ కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడటం, తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆమెకు ఉండటం పద్ధతిలో భాగం. పరీక్ష వద్దనుకున్నా, ఈసీజీ, హోల్టర్, ఎకో మాత్రం చేయించుకుంటూ ఉండవచ్చు. రక్తపరీక్ష చేయించుకుంటే, ఆ మార్పు ఆమెలో లేదని తేలడానికి సగం అవకాశం ఉంది. అప్పుడు ఈ జబ్బు కోసం ఏటా గుండె పరీక్షలు ఆమెకు అక్కర్లేదు, ఆమె నుంచి పిల్లలకు ఆ మార్పు వెళ్లదు కూడా.